బెయిల్ వచ్చినా జైల్లోనే: జామీను దొరకనివారికి దారేది?

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లి దగ్గరి తెలుగు సంఘం. చెరలో ఉన్నవారిని దర్శించమన్న ప్రభువు మాట ప్రకారం కొందరం పరప్పన అగ్రహారం జైలుకు వెళ్తుంటాం. అక్కడ ఆదోని నుంచి వచ్చిన తాపీ కూలీ ఒకతను ఉన్నాడు. సైటులో రాగితీగ దొంగిలించాడని కేసు. బెయిల్ వచ్చి రెండు నెలలైంది. 50,000 బాండు, ఇద్దరు జామీన్లు (పూచీ ఉండేవాళ్లు) కావాలన్నారు. అన్న తన పొలం కాగితాలు తెస్తే ‘లోకల్ వాళ్లు కావాలి’ అని పంపేశారు. అతని భార్య ఏడుపు చూడలేక చందాలు వేసి 50,000 పోగుచేశాం. కోర్టు దగ్గర ఒకాయన పది వేలిస్తే జామీన్లు తనే తెస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండమ్మా. అద్దె జామీనుదారులు చూపించే ఆధార్, పహణీ (కర్ణాటక పొలం రికార్డు) చాలాసార్లు నకిలీవే. పట్టుబడితే ఫోర్జరీ కేసు డబ్బిచ్చిన మీ మీదికీ రావచ్చు, అతని బెయిలూ రద్దు కావచ్చు. మంచి పనికే ఇచ్చామంటే కోర్టు వినదు.

50,000 ఇప్పుడు కట్టాల్సిన సొమ్ము అనుకున్నట్టున్నారు. అది అతను వాయిదాలకు రాకపోతే వసూలు చేసే మొత్తం. అతన్ని లోపల ఉంచుతున్నది ‘లోకల్’ అన్న ఒక్క మాట. ఆ మాట బెయిల్ ఉత్తర్వులో ఉందా, ఆఫీసులో ఎవరో నోటితో అన్నారా? అంతా తేలేది ఇక్కడే. రెండు నెలల్లో మీలో ఒక్కరూ ఆ ఉత్తర్వు నకలు తీసుకుని చదవలేదంటే ఏమనాలి? ఉత్తర్వు తేదీ, కేసు నంబరు కూడా రాయలేదు.

ఉత్తర్వులో లేకపోతే, అన్నను పొలం పాస్‌పుస్తకం, 1బి (ఆంధ్ర భూమి రికార్డు), ఆధార్ ఒరిజినల్స్‌తో నేరుగా జడ్జిగారి ముందు నిలబెట్టండి. ఒప్పుకోకపోతే కారణం రాసిమ్మని మెమో వేయించండి. 1978 నాటి మోతీరామ్ కేసు అచ్చం ఇదే. మధ్యప్రదేశ్‌లో ఓ తాపీమేస్త్రీని 10,000కు జామీను అడిగారు, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ అభ్యంతరం చెల్లదని, 1,000 రూపాయల సొంత బాండు మీద అతన్ని వదలమన్నారు.

ఉత్తర్వులోనే ఉంటే, షరతు సడలించమని అదే కోర్టులో అర్జీ వేయాలి. బెయిలొచ్చిన నెలలోపు బాండు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతుల మార్పును పరిశీలించవచ్చని, లోకల్ జామీను పెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. మీ నెల ఎప్పుడో దాటింది. తేదీ అడిగింది అందుకే. బాండు మొత్తం ఎక్కువైతే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 484 కింద సెషన్స్ కోర్టు తగ్గించగలదు. లాయరు ఫీజుకు చందా ఖర్చుపెట్టొద్దు. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.

పోగైన డబ్బును అదే చట్టం సెక్షన్ 490 కింద బాండుకు బదులు డిపాజిట్ చేస్తామని అడగవచ్చు. రసీదు ఎవరి పేరున ఉందో చూసుకోండి, కేసు ముగిశాక వాపసుకు అదే ఆధారం. మీలో ఎవరైనా జామీను ఉంటే, ఇప్పటికి ఎందరికి ఉన్నారో డిక్లరేషన్‌లో దాచకుండా చెప్పాలి. అతను రాకపోతే ఆ సొమ్ము మీ నెత్తిన పడుతుంది. జాలిపడి ముక్కూ మొహం తెలియనివాళ్లకు సంతకం పెట్టకండి.

బయటికి రాగానే అతను ఆదోని వెళ్లిపోతాడు. పనిలో పడి వాయిదా మరిచిపోతే వారెంటు, మళ్లీ జైలు. మీ సంఘం చేయగల అసలు సాయం అక్కడుంది. రెండ్రోజుల ముందు ఫోన్ చేసి గుర్తుచేయడానికి ఒక మనిషి, రైలు చార్జీ, ఆ రాత్రి పడుకోవడానికి చోటు చూడండి. ముందు రేపే నకలుకు దరఖాస్తు పెట్టించండి.