షాంఘైకి సామాను సర్దే ముందు పేరు సర్దుకోండి

లెస్టర్ నుంచి షాంఘైకి మకాం మారుస్తున్నాం, అందరివీ బ్రిటిష్ పాస్‌పోర్టులే, ముందుగా ఏం చూసుకోవాలి అని అడిగారు. మేమూ బ్రిటన్ నుంచే వచ్చాం కాబట్టి చెబుతున్నా: ముందు మీ పేరు చూసుకోండి.

నవ్వకండి. ఇక్కడ బ్యాంకు ఖాతా, సిమ్, ఫోన్‌తో డబ్బు కట్టే యాప్ అలీపే, కబుర్లకీ చెల్లింపులకీ వాడే యాప్ వీచాట్, రైలు టికెట్ అన్నీ పాస్‌పోర్టులోని పేరుకీ నంబరుకీ ముడిపడి ఉంటాయి. మన పేర్లేమో బారెడు. బ్యాంకులో మా ఆయన పేరంతా ఖాళీ లేకుండా కలిపి కొట్టారు. సిమ్ ఇచ్చినవాళ్లు ఇంటిపేరు చివర పెట్టారు. రెండూ ఒకే మనిషివంటే యాప్ ఒప్పుకోలేదు. ఖాతాలో జీతం పడింది కానీ ఫోన్‌తో కొత్తిమీర కట్ట కూడా కొనలేకపోయాం. అందుకే మొదటి కౌంటర్‌లో పేరు ఎలా కొట్టారో కాగితం మీద రాయించుకుని, తర్వాత వెళ్లిన ప్రతిచోటా అదే చూపించండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే బయల్దేరకముందే కొత్తది తీసుకోండి. ఇక్కడికొచ్చాక నంబరు మారితే కథ మళ్లీ మొదటికే.

ఇక్కడి ఖాతా యాప్‌కి కుదిరేదాకా బ్రిటన్ బ్యాంకు కార్డునే అలీపేకి జతచేసుకోవచ్చు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం రుసుము పడుతుంది.

కాగితాల పని మీ కంపెనీ చూస్తుంది. మీరు గుర్తుంచుకోవాల్సింది రెండు గడువులు: ఇంట్లో దిగితే 24 గంటల్లో పోలీస్ స్టేషన్‌లో నమోదు, జెడ్ వీసా (ఉద్యోగ వీసా) మీద వచ్చాక 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు. హోటల్లో దిగితే నమోదు వాళ్లే చేస్తారు. ఉద్యోగ అనుమతికి చూపించే బ్రిటన్ డిగ్రీకి 2023 నవంబరు నుంచి అపొస్టీల్ ముద్ర (పత్రం అసలైనదేనని బ్రిటన్ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చాలు. ఇండియా డిగ్రీ అయితే దారి వేరు, హెచ్‌ఆర్‌ని ఇప్పుడే అడగండి.

ఇల్లు సాధారణంగా ఒక నెల డిపాజిట్, మూడు నెలల అద్దె ముందే కడితే ఇస్తారు. రేడియేటర్లకి అలవాటుపడ్డ ప్రాణం కదా, శీతాకాలంలో ఏడిపిస్తుంది. హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లకే సర్కారు వేడి గొట్టాలు. షాంఘై దక్షిణాన ఉంది, ఏసీయే దిక్కు. దళసరి రజాయిలు తెచ్చుకోండి.

బ్రిటన్ సిమ్ మాత్రం తీసేయకండి. అక్కడి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. పైగా ఇక్కడ వాట్సాప్ లేదు, ఇండియాలో 2020 నుంచి వీచాట్ లేదు. ఇక అమ్మకి ఫోన్ ఎలా? రోమింగ్‌లో ఉన్న ఆ సిమ్ మీద నాకు వాట్సాప్ వస్తుంది. ఇండియాలో టైము ఇక్కడికంటే రెండున్నర గంటలు వెనక, రాత్రి తొమ్మిదికి చేస్తే వాళ్లు సాయంత్రం టీ తాగుతూ ఉంటారు.

తిండికి బెంగ వద్దు. బీరకాయ, కాకరకాయ, వేసవిలో ఎర్ర తోటకూర వీధి చివరి మార్కెట్‌లోనే దొరుకుతాయి. పెరుగు మాత్రం ఎక్కువగా తియ్యగా ఉంటుంది, ఇంట్లోనే తోడేసుకోండి. శాకాహారులైతే ‘మాంసం వద్దు’ అని ఆగకండి, ముక్కలు ఏరేసి అదే కూర పెడతారు. ‘వో ఛ సూ’ అనండి, శాకాహారం తింటానని అర్థం.

వయసెంత, జీతమెంత, ఇంకో బిడ్డ ఎప్పుడు అని లిఫ్టులోనే అడిగేస్తారు. మా ఆయన ఆఫీసులో ఇంగ్లీషాయన దీనికి ఉడికిపోయేవాడు. నాకైతే భీమవరంలో మా వీధి గుర్తొచ్చింది. కింది అంతస్తు మామ్మగారు మా అద్దె ఎంతో అడిగి, మరీ ఎక్కువ అని మొహం మీదే అనేసింది. మరుసటి ఏడు ఒప్పందం రాసుకునేటప్పుడు ఆవిడనే వెంటబెట్టుకెళ్లాం. అద్దె తగ్గింది.