ఢిల్లీ ట్రిప్పు ఈఎంఐ మీదా?

ప్రశ్న: మాది గాజువాక. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 48 వేలు చేతికొస్తుంది. దసరా సెలవుల్లో నా భార్యని, ఇద్దరు పిల్లల్ని (11, 8 ఏళ్లు) ఢిల్లీ తీసుకెళ్లి మ్యూజియంలు, కోటలు చూపించాలని ఉంది. ట్రావెల్స్ వాళ్లు 80 వేలకు ప్యాకేజీ చెప్పారు, 12 నెలల ఈఎంఐ కూడా ఇప్పిస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. 14 శాతం వడ్డీ అనుకున్నా నెలకు దాదాపు 7,180 రూపాయలు కట్టాలి. వడ్డీయే ఆరు వేలు దాటుతుంది. ఈ దసరా సరదాకి వచ్చే దసరా దాకా కడుతూ కూర్చోవాలి.

మీరు పంపిన ప్యాకేజీ కాగితం చూశాను. రెండో రోజు సోమవారం. ఆ రోజు చూపిస్తామన్నవి నేషనల్ మ్యూజియం, ఎర్రకోట, రైల్ మ్యూజియం. సోమవారం మూడింటికీ సెలవే! మన బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కీ ఆ రోజే సెలవు కదా, విశాఖ వాళ్లకి ఇది కొత్త కాదు. సోమవారానికి కుతుబ్ మినార్, ఇండియా గేట్, వార్ మెమోరియల్ పెట్టుకోండి.

అదే కాగితంలో ‘ఎంట్రీ టికెట్లు 6,000’ అని ఉంది. అంత ఎక్కడవుతుందండీ? నేషనల్ మ్యూజియంలో పెద్దలకు 20 రూపాయలు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి దగ్గర 40 చొప్పున, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. గాంధీ స్మృతికి, వార్ మెమోరియల్‌కి టికెట్టే లేదు. పిల్లల ఆధార్ కార్డులు మాత్రం దగ్గర ఉంచుకోండి. నేషనల్ మ్యూజియంకి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. మొహెంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మ అర జానెడే ఉంటుంది, హడావుడిలో పక్కనుంచే వెళ్లిపోతాం. మన అమరావతి శిల్పాలూ అక్కడ ఉన్నాయి. పిల్లలు మాత్రం రైల్ మ్యూజియం వదిలి రారు, ఒంటి పట్టా మీద నడిచిన పటియాలా మోనోరైలు అక్కడే ఉంది.

అసలు ఖర్చు ప్రయాణం, బస, తిండి. నా అంచనా: థర్డ్ ఏసీలో రానూపోనూ 20 వేలు, ఐదు రాత్రుల గదికి 15 వేలు, తిండికి, మెట్రోకి, ఆటోలకి 12 వేలు, చేతిలో మరో 7 వేలు. మొత్తం 54 వేలు. జనవరి నుంచి నెలకు 6 వేలు పక్కన పెడితే సెప్టెంబరుకి సరిపోతుంది.

అయితే మొత్తం ఒకే ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయకండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అంటే ఆగస్టులోనే డబ్బు కావాలి, తొమ్మిది నెలల ఆర్‌డీ అప్పటికి చేతికి రాదు. అందుకే 3,500 ఆరు నెలల ఆర్‌డీలో, 2,500 తొమ్మిది నెలల ఆర్‌డీలో వేయండి. మొదటిది జులైలో వస్తుంది, 21 వేలు, రైలుకి. ఆ తర్వాత మూడు నెలలు ఆ 3,500 సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు.

మీ జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణానికి కంపెనీ ఇచ్చే భత్యం) ఉందేమో చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉంటేనే దానికి మినహాయింపు, అదీ ప్రయాణ ఛార్జీలకే. హోటలు బిల్లు లెక్కలోకి రాదు. రైలు టికెట్లు మాత్రం పారేయకండి.