కోచ్ వెళ్లిపోతున్నారు, మా అబ్బాయి కాలేజీ మారతానంటున్నాడు

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ రెండో ఏడాది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వాక్-ఆన్, అంటే స్కాలర్‌షిప్ లేకుండా ఆడుతున్నాడు. ఈ సీజన్‌తో తప్పుకుంటున్నానని హెడ్ కోచ్ మొన్న ప్రకటించారు. ఆ రాత్రి ఫోన్ చేసి, "నన్ను తీసుకున్న మనిషే వెళ్లిపోతే ఇక నేనెవరికి తెలుస్తాను నాన్నా" అన్నాడు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు నమోదు చేసుకునే జాబితాలో, పేరు ఇచ్చేస్తానంటున్నాడు. ఇవ్వనివ్వాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. సీజన్ పూర్తి చేయమనండి.

అబ్బాయి అడిగింది చిన్న మాట కాదు. వాక్-ఆన్ కుర్రాళ్లలో చాలామంది వారమంతా స్కౌట్ టీమ్‌లోనే ఉంటారు. అసిస్టెంట్ కోచ్ ఒక కార్డు ఎత్తి చూపిస్తాడు, అందులో రాబోయే ప్రత్యర్థి ఎత్తుగడ గీసి ఉంటుంది. వీళ్లు అచ్చం అలాగే ఆడి, అసలు జట్టును సిద్ధం చేస్తారు. శనివారం మ్యాచ్ వస్తే మాత్రం మైదానం అంచున నిలబడాలి. ఆ కష్టం చూసినవాళ్లు కోచ్‌లే. వాళ్లు వెళ్తున్నారంటే పిల్లాడికి భయం వేయడం సహజం.

2015లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో జరిగింది అతనికి చెప్పండి. 29 సీజన్లు జట్టును నడిపిన ఫ్రాంక్ బీమర్ నవంబర్ 1న రిటైర్మెంట్ ప్రకటించారు. అప్పటికి జట్టు 4 గెలిచి 5 ఓడింది. సీజన్ చివర జరిగే బౌల్ గేమ్ అనే ప్రత్యేక మ్యాచ్‌కు అర్హత రావాలంటే 6 గెలవాలి. జార్జియా టెక్‌పై గెలిచారు. ఆయన చివరి హోమ్ మ్యాచ్‌లో ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. అది తట్టుకోవడం తేలిక కాదు. అయినా మరుసటి వారం వర్జీనియా యూనివర్సిటీ జట్టును 23-20తో ఓడించి బౌల్‌కి వెళ్లారు, అక్కడ టల్సాపై 55-52తో గెలిచారు. తర్వాత వచ్చిన జస్టిన్ ఫుయెంటే అందరినీ మార్చేయలేదు. డిఫెన్స్ చూసే బడ్ ఫోస్టర్‌ను ఉంచుకున్నారు. మరుసటి ఏడాది 10 మ్యాచ్‌లు గెలిచారు. అన్ని కాలేజీల్లో ఇలా కుదరదు, చాలామంది కొత్త కోచ్‌లు తమ మనుషుల్నే తెచ్చుకుంటారు. అందుకే ఎవరొస్తారో, ఎవరుంటారో చూశాకే నిర్ణయం.

ఆగితే గడువు దాటిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. హెడ్ కోచ్ మారితే ఆ జట్టు ఆటగాళ్లకు పోర్టల్‌లో ప్రత్యేక గడువు ఉంటుంది. ఇదివరకు 30 రోజులుండేది. ఈ మధ్య 15 రోజులు చేశారు, అదీ కొత్త కోచ్‌ను ప్రకటించిన ఐదు రోజుల తర్వాత మొదలవుతుంది. అంటే ఆయనను కలిసి మాట్లాడే వీలుంది. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి నిబంధనలు చూసే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసులో అబ్బాయినే అడిగి నిర్ధారించుకోమనండి. మీరు మాత్రం కోచ్‌కి ఫోన్ చేయకండి. మనవాళ్లకు ఆ అలవాటుంది. దానివల్ల పిల్లాడికి చెడే తప్ప మంచి జరగదు.

ఈలోపు రెండు పనులు. ప్రాక్టీస్ వీడియోల్లో తన ఆట ఉన్న ముక్కలు అడిగి దాచుకోవాలి. కొత్త కోచ్‌కి అతను తెలిసేది వాటితోనే. వెళ్తున్న కోచ్ గదికి వెళ్లి, కృతజ్ఞత చెప్పి, రేపు ఉద్యోగానికైనా ఇంకో జట్టుకైనా తన గురించి మాట్లాడతారా అని అడగాలి. ఆయన ఆఫీసు ఖాళీ చేసేలోపే.

చదువు సంగతి నాకు ఇంకా ముఖ్యం. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తి కాకపోతే డివిజన్ 1, అంటే పై స్థాయి, కాలేజీల్లో ఆడనివ్వరు. మెకానికల్ క్రెడిట్లు కొత్త కాలేజీలో అన్నీ చెల్లకపోవచ్చు. మారితే ఇక్కడ పాసైన సబ్జెక్టులే మళ్లీ చదవాల్సి రావచ్చు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో నూటికి ఇద్దరు కూడా ప్రొఫెషనల్‌గా వెళ్లరు. కాబట్టి ఏ కాలేజీ పిలిచినా, ముందు ఏ క్రెడిట్లు చెల్లుతాయో రాతపూర్వకంగా తీసుకోమనండి.

చివరి హోమ్ మ్యాచ్‌కి మీరిద్దరూ వెళ్లండి, అబ్బాయి మైదానంలోకి దిగే అవకాశం లేకపోయినా.