స్విఫ్ట్ పెట్రోల్‌కి ఓపెన్ ఫిల్టర్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయిస్తే పవర్ పెరుగుతుందా? వేయించి, మళ్ళీ విప్పించినవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: 2013 స్విఫ్ట్ పెట్రోల్ ఉంది, నలభై వేలు పెట్టగలను, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (డబ్బా లేని ఓపెన్ ఫిల్టర్‌తో గాలి పీల్చే పైపు), ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ (పొగకి అడ్డు తక్కువుండే సైలెన్సర్) వేయిస్తే పదిహేను హెచ్‌పీ పెరుగుతుందని షాపతను అంటున్నాడు, నిజమేనా అని.

పెరగదండీ. రెండో మూడో పెరిగితే గొప్ప, అదీ ఆరు వేల ఆర్పీఎం దగ్గర. మోత మాత్రం గ్యారంటీగా పెరుగుతుంది. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాదీ అదే బండి, 2012 మోడల్, అదే 1197 సీసీ కె సిరీస్ ఇంజిన్. మీరు చేద్దామనుకుంటున్నదంతా నేను 2019లో చేయించి, ఏడాదిన్నర తిరిగి, మళ్ళీ విప్పించేశాను. వేయించడానికి 38 వేలు, విప్పించి పాతవి బిగించడానికి అయింది వేరే.

ముందు ఇన్‌టేక్ సంగతి. ఈ ఇంజిన్ ఫోర్ స్ట్రోక్, అంటే రెండు తిరుగుళ్ళకి ఒకసారి గాలి పీలుస్తుంది. ఆరు వేల ఆర్పీఎం దగ్గర నిమిషానికి మూడు వేల సార్లు, సారికి 1.2 లీటర్లు, సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి కొంత తీసేస్తే సెకనుకి దాదాపు 50 లీటర్ల గాలి. కంపెనీవాడు ఇచ్చిన పేపర్ ఫిల్టర్ ఆ 50 లీటర్లని ఆపుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అది ఎవరూ చూడరు, నేనూ చూడలేదు. ఓపెన్ ఫిల్టర్ కొని బిగించేశాక అప్పుడు చూశాను.

ఎలాగంటే, ఆన్‌లైన్‌లో దొరికే మామూలు బ్లూటూత్ ఓబీడీ డాంగుల్ (బండి కంప్యూటర్ చెప్పే అంకెల్ని ఫోనుకి పంపేది), ఫోన్లో ఒక యాప్. ఇంజిన్ ఆఫ్‌లో ఉండి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి) అని ఒక అంకె వస్తుంది, ఇంజిన్ ఆఫ్‌లో అది బయటి గాలి ఒత్తిడే, మా విజయవాడలో 100 కిలోపాస్కల్స్ చూపించింది. తర్వాత తెల్లారుజామున గన్నవరం దాటాక ఖాళీ హైవే మీద సెకండ్ గేరులో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి ఆరు వేల దాకా లాగాను (సెకండ్ గేరులో ఆరు వేలంటే ఎనభై పైచిలుకు స్పీడే, భయపడక్కర్లేదు). కంపెనీ ఎయిర్ బాక్సు, శుభ్రమైన పేపర్ ఫిల్టర్‌తో 97. ఫిల్టర్ మొత్తం తీసేసి ఖాళీ డబ్బాతో ఒక్కసారి లాగి చూస్తే 98. అంటే ఈ లోకంలో ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా, చివరికి ఫిల్టరే లేకపోయినా, నాకు వచ్చేది ఒక్క శాతం. 87 హెచ్‌పీలో ఒక శాతమంటే ఒకటి కూడా లేదు. (ఫిల్టర్ లేకుండా ఒక్క లాగుడు లాగి వెంటనే పెట్టేయండి, అలా తిరిగితే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులు అరిగిపోతాయి.)

ఇది చాలనట్టు ఓపెన్ ఫిల్టర్ వల్ల నష్టం ఇంకోటి. అది బానెట్ కింద, రేడియేటర్ వెనకాల, వేడిలో కూర్చుంటుంది. కంపెనీ ఎయిర్ బాక్సు ముక్కు ముందు గ్రిల్లు దగ్గరికి వెళ్ళి బయటి గాలినే పీలుస్తుంది, అంటే మీ బండిలో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఇప్పటికే ఉంది, ఫ్రీగా. దాన్ని పీకేసి పదివేలు పెట్టి వేడి గాలి ఇన్‌టేక్ కొనుక్కుంటున్నాం. మే నెలలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నా డాంగుల్‌లో ఇన్‌టేక్ టెంపరేచర్ 68 డిగ్రీలు చూశాను, పాత బాక్సుతో అదే చోట, అదే టైముకి 50 దాటలేదు. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు శాతం పలచబడుతుంది, పైగా గాలి వేడిగా ఉందని సెన్సర్ చెప్పగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నాకింగ్ (పెట్రోల్ దానంతటదే అంటుకోవడం) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడి పవర్ తగ్గుతుంది. ఒక శాతం కోసం పోయి ఐదారు శాతం పోగొట్టుకున్నాను, అదీ రోహిణి కార్తెలో.

మరి సౌండు? యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఫిల్టర్ గాలి పీల్చే ఆ గుర్రుమనే శబ్దం బాగుంటుంది, అబద్ధమెందుకు. మొదటి వారమంతా బండి ఎగురుతున్నట్టే అనిపించింది. చెవి మోసం చేస్తుందండీ, మోత పెరిగితే స్పీడు పెరిగిందనే అనుకుంటాం.

కొందరు పైపుని బంపరు కిందికి దించి నిజంగానే చల్లటి గాలి తగిలేలా పెట్టిస్తారు. నాతోపాటే నా ఫ్రెండు అలా పెట్టించాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు అంచున ఒక రోడ్డు మీద నీళ్ళు ఇంకా టైరులో సగం దాకానే ఉన్నాయి, వాడి ముందు రెండు మామూలు కార్లు దాటిపోయాయి కూడా, వాడిది మధ్యలో ఠక్కున ఆగిపోయింది. ఫిల్టర్ నీళ్ళని పీల్చేసింది. నీళ్ళు గాలిలాగా నలగవు కదా, పిస్టన్ పైకి వచ్చి ఆ నీళ్ళని కొట్టేసరికి కనెక్టింగ్ రాడ్లు రెండు వంగిపోయాయి. ఇన్సూరెన్సువాళ్ళు వచ్చి ఫొటోలు తీసి, ఈ పైపు కంపెనీది కాదు కదా అని క్లెయిమ్ తిప్పికొట్టారు. ఇంజిన్ పనికి వాడికి అయిన ఖర్చుతో ఇంకో పాత బండి వచ్చేది.

ఇక ఎగ్జాస్ట్. ఇక్కడ కొంచెం నిజం ఉంది, అందుకే ఎక్కువ చెప్తాను.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన సైలెన్సర్ మేస్త్రి ఒకాయన ఉన్నాడు, లారీ సైలెన్సర్లతో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. వెళ్ళి రెండున్నర అంగుళాల పైపు వెయ్యమన్నాను, ఎందుకంటే ఎక్కడో చూసిన వీడియోలో అంతే వేశారు. ఆయన బండి కిందికి దూరి చూసి బయటికొచ్చి, "ఏమయ్యా, ఈ ఇంజిన్‌కి ఊపిరాడట్లేదని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. నేను వినలేదు. వేశాడు. ఫలితం ఏంటంటే, రెండు వేల నుంచి మూడు వేల ఆర్పీఎం మధ్య, అంటే ఊళ్ళో మనం రోజంతా ఉండే చోట, బండి మొద్దుబారింది. ఫ్లైఓవర్ ఎక్కడానికి ఇదివరకు థర్డ్‌లో పోయేది, సెకండ్‌కి దించాల్సి వచ్చింది.

దీనికి జనం "బ్యాక్ ప్రెషర్ (పొగని వెనక్కి నెట్టే ఒత్తిడి) కావాలి, అది పోయింది" అంటారు, అది సగం తప్పు. ఏ ఇంజిన్‌కీ బ్యాక్ ప్రెషర్ అక్కర్లేదు. కావాల్సింది పొగ వేగం. ఒక సిలిండర్ వదిలిన పొగ పైపులో వేగంగా పోతే దాని వెనకాల ఒత్తిడి తగ్గి, అది తర్వాతి సిలిండర్‌లో మిగిలిన పొగని కూడా లాక్కుపోతుంది, ఆ ఖాళీలోకి కొత్త గాలి ఇంకాస్త వస్తుంది. చిన్న ఇంజిన్‌కి పెద్ద పైపు వేస్తే ఆ వేగం పోతుంది. నెల తర్వాత మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. నవ్వలేదు, పాపం. రెండంగుళాల పైపుతో, వంపుల దగ్గర పైపు నొక్కుకుపోకుండా రెడీమేడ్ బెండ్లు తెచ్చి వెల్డింగ్ చేశాడు. క్యాట్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) మాత్రం ముట్టనన్నాడు, అది మంచిదయింది.

నమ్మకాలు కాకుండా అంకెలు కావాలంటే, థర్డ్ గేరులో 60 నుంచి 100 దాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. నేను ఒక్కడినే కూర్చుని, అదే రోడ్డు, తెల్లారుజామున, అటు మూడు ఇటు మూడు సార్లు లాగి సగటు తీశాను. అంతా కంపెనీదే ఉన్నప్పుడు 8.6. ఓపెన్ ఫిల్టర్‌తో 8.6, అదే మిట్టమధ్యాహ్నం 9.0. రెండున్నర అంగుళాల సైలెన్సర్‌తో 8.9. రెండంగుళాలకి మార్చాక 8.5. అదీ 38 వేల ప్రతిఫలం, సెకనులో పదో వంతు, నా వేలు స్టాప్‌వాచ్ మీద అటూ ఇటూ అయినా అంత తేడా వస్తుంది. ఒకసారి డిక్కీలో బియ్యం బస్తా, పక్క సీట్లో మా తమ్ముడు ఉండగా లాగితే 9.4 వచ్చింది. అప్పుడు అర్థమైంది, వాణ్ణి దించేస్తే వచ్చే పికప్ ఏ సైలెన్సరూ ఇవ్వదని.

మోత గురించి కూడా వినండి. తొంభై నుంచి వంద మధ్య ఫిఫ్త్ గేరులో, అంటే 2600 నుంచి 2900 ఆర్పీఎం దగ్గర, క్యాబిన్ అంతా బూం అని ఒకటే హోరు. హైవే మీద మనం గంటలకొద్దీ ఉండేది ఆ స్పీడులోనే. హైదరాబాద్ వెళ్ళొస్తే రాత్రి నిద్రలో కూడా అదే హోరు. మా అమ్మ గుంటూరు దాకా ఒక్కసారి కూర్చుని, దిగాక "ట్రాక్టర్లో వచ్చినట్టుందిరా" అని మళ్ళీ ఎక్కనంది. పైగా ఎనిమిది నెలలకి మఫ్లర్ (మోత తగ్గించే డబ్బా) లోపలి గ్లాస్ ఊల్ కాలిపోయి ఇంకా గట్టిగా అరవడం మొదలెట్టింది. పైన పటారం, లోన లొటారం.

ఇక హెడర్స్, అంటే ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే మొదటి పైపులు. 4-2-1 హెడర్స్ (నాలుగు పైపులు రెండై, ఆ రెండూ ఒకటయ్యేవి) బాగా లెక్కగట్టి చేసినవైతే మనలాంటి టర్బో లేని ఇంజిన్‌కి ఎగ్జాస్ట్ వైపు నిజంగా పనికొచ్చేవి అవే, కానీ వాటికి తగ్గట్టు ట్యూనింగ్, ఇంకా ముందుకెళ్తే క్యామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) మారిస్తేనే పూర్తి ఫలితం. ర్యాలీ బళ్ళవాళ్ళు చేసేది ఆ మొత్తం ప్యాకేజీ. మనం అందులో ఒక ముక్క తెచ్చుకుని ఫలితం మొత్తం రావాలంటే ఎలా?

టర్బో (గాలిని ఇంజిన్‌లోకి బలవంతంగా తోసే పంపు) ఉన్న ఇంజిన్ అయితే కథ వేరు, ఇది కలిపేయడం వల్లే అంతా కన్ఫ్యూజన్. మా బావ దగ్గర పోలో జీటీ 1.2 టీఎస్ఐ ఉంది, 105 పీఎస్ (దాదాపు హెచ్‌పీయే), టార్క్ అంటే తిప్పే బలం 175 న్యూటన్ మీటర్లు. అందులో గాలి ఎంత దూరాలో టర్బో నిర్ణయిస్తుంది, టర్బో ఎంత తొయ్యాలో ఈసీయూ నిర్ణయిస్తుంది, కాబట్టి రీమ్యాప్ (ఈసీయూ సెట్టింగులు మార్చడం) ఒక్కటి చేయిస్తేనే సీటుకి వీపు అతుక్కునేంత తేడా వచ్చింది, ఫిల్టర్, సైలెన్సర్ ఏమీ ముట్టుకోకుండానే. అక్కడ కూడా ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు 250 న్యూటన్ మీటర్ల వరకే తయారైంది, అందుకని బావ మెత్తటి మ్యాపే వేయించుకున్నాడు. మీ స్విఫ్ట్‌లో టర్బో లేదు. షాపతను చెప్పిన పదిహేను హెచ్‌పీ బహుశా ఏ టర్బో బండిదో చూసి చెప్పి ఉంటాడు.

పోలీసుల విషయం కూడా తేల్చేస్తాను. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి ఐదు వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. శబ్దం, పొగ పరిమితి దాటితే సెక్షన్ 190 కింద పదివేల దాకా, మొదటిసారికే మూడు నెలలు లైసెన్సు పోవచ్చు. బుల్లెట్ సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లో చూసే ఉంటారు. నన్ను రెండుసార్లు ఆపారు, ఒకసారి చలానా పడింది. ఇంకో మాట, ఎవరైనా "క్యాట్ కన్వర్టర్ తీసేద్దాం, ఫ్రీ అవుతుంది" అంటే ఆ షాపు నుంచి బయటికొచ్చేయండి. కొత్త బళ్ళలో అయితే వెంటనే ఇంజిన్ లైట్ వెలుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు, తీసినదాన్ని లోపల ఉన్న ప్లాటినం, పల్లాడియం కోసం వాళ్ళే అమ్ముకుంటారు.

అన్నీ విప్పించేశాక నేను చేసింది చెప్తాను. కొత్త స్పార్క్ ప్లగ్గులు, కొత్త పేపర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, టైర్లలో సరైన గాలి, వెనక చక్రం ఒకటి బ్రేకు పట్టేసి ఉంటే అది సర్దించడం. అన్నీ కలిపి ఐదు వేల లోపే. 60 నుంచి 100 టైము 8.4. అంటే బండి మొదటి నుంచీ మెయింటెనెన్స్ లేక బరువుగా ఉంది, నేనేమో దానికి గొంతు మార్చాను. మిగతా డబ్బు ఉంటే మంచి టైర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు. ఇంకా సరదా తీరకపోతే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ట్రాక్ డే (మామూలు బళ్ళని ట్రాక్ మీదికి రానిచ్చే రోజు) పెట్టినప్పుడు వెళ్ళండి. 3.7 కిలోమీటర్ల ట్రాక్, అక్కడ ఈ 87 హెచ్‌పీ మొత్తం వాడటానికే నాకు ఒక రోజంతా పట్టింది.

సౌండు కోసమే అయితే అది వేరే మాట, అలాగని ఒప్పుకుని, క్యాట్ ముట్టకుండా, రెండంగుళాలు దాటకుండా, వెనక మఫ్లర్ ఒక్కటే మార్పించుకోండి, చలానాకి పక్కన డబ్బు పెట్టుకోండి. పవర్ కోసమే అయితే అడ్వాన్సు ఇవ్వకముందే ఒక డాంగుల్ కొని, ఇంజిన్ ఆఫ్‌లో ఒకటి, సెకండ్ గేరులో ఆరు వేల దగ్గర ఒకటి, మ్యానిఫోల్డ్ ప్రెషర్ రెండు రీడింగులు తీసి ఇక్కడ పెట్టండి. తేడా నాలుగైదు దాటితే మీ ఫిల్టర్ బాగా దుమ్ము పట్టి ఉండొచ్చు, ముందు అది మార్చి మళ్ళీ తీయండి.