రికార్డు నిండుగా, వైవాలో మౌనం: ఇలాంటి సీఎస్ఈ పిల్లలకు ప్రోగ్రామింగ్ ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర కాలేజీలో కొత్తగా చేరారు, రెండో ఏడాది వాళ్ళకి డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ చూస్తున్నారు, రికార్డులు బ్రహ్మాండంగా ఉంటాయి గానీ అందులోంచి ఒక్క లైను అడిగితే తల వంచుకుంటున్నారు. పైగా ఇప్పుడు చాట్‌జీపీటీ ఒకటి. ఏం చేయాలి అని. నేను భీమవరం వైపు చాలా ఏళ్ళుగా ఇదే ఉద్యోగంలో ఉన్నాను. నా అనుభవంలో పనిచేసినవి చెబుతాను.

కొన్నాళ్ళు ప్రోగ్రాం రాయమనడం మానేసి చదవమనండి. పది లైన్ల సీ ప్రోగ్రాం బోర్డు మీద రాసి, సిస్టమ్ ఆన్ చేయనివ్వకుండా, అవుట్‌పుట్ ఏం వస్తుందో కాగితం మీద రాయించండి. నేను ఎక్కువగా వాడేది ఐదు ఎలిమెంట్ల అర్రే. లూప్ సున్నా దగ్గర మొదలవుతుంది, కండిషన్‌లో < 5 ఉండాల్సిన చోట <= 5 పెడతాను. చాలామంది ఐదు నంబర్లే రాస్తారు. రన్ చేస్తే ఆరోది ఏదో పిచ్చి నంబరు వస్తుంది, ఒక్కోసారి సున్నా వస్తుంది. అదే జావాలో అయితే ఎక్సెప్షన్ ఇచ్చి ఆగిపోతుంది. "సీ ఎందుకు ఊరుకుంది సార్?" అని వెనక బెంచీ నుంచి వస్తుంది చూడండి, పాయింటర్లూ (మెమరీలో ఒక చోటి అడ్రసు దాచుకునేవి) మెమరీ అడ్రసులూ చెప్పాల్సింది అప్పుడు. అడగకముందు చెబితే నోట్సులోకి పోతాయి అంతే.

ఇంకోటి, సరైన ప్రోగ్రాంనే లైన్లు కలగాపులగం చేసి ఇచ్చి వరసలో పెట్టమనడం. దీన్ని పార్సన్స్ పజిల్ అంటారు. లింక్‌డ్ లిస్టులో (ప్రతి నోడ్, అంటే ప్రతి గడి, తన తర్వాతి దాని అడ్రసు దాచుకునే వరస) మధ్యన నోడ్ చేర్చడానికి ఇది చక్కగా పనికొస్తుంది. ఏ పాయింటర్ ముందు మార్చాలో తేడా చేస్తే మిగతా లిస్టంతా చేజారిపోతుందని, బొమ్మ గీసుకుంటే వాళ్ళకే తెలిసిపోతుంది.

ప్రశ్న తెలుగులో అడగండి. టెక్నికల్ మాటలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, జవాబు మాత్రం వాళ్ళ మాటల్లో రానివ్వండి. మన కోనసీమ పిల్లలు బస్టాండులో ఎంత మాటకారులో మీకు తెలుసు. ల్యాబ్‌లోకి రాగానే నోరు పడిపోతోందంటే వాళ్ళకి భయం సీ అంటే కాదు, ఇంగ్లీషులో తప్పు పోతుందేమో అని. ఎర్రర్ మెసేజ్ పైకి చదివించడం కూడా అలవాటు చేయండి, మొదటి ఎర్రర్ ఒక్కటే. సెమీకోలన్ ఈ లైనులో మర్చిపోతే కంపైలర్ కింది లైనును చూపించడం మామూలే, అది తెలియక చాలామంది గంటంతా పోగొట్టుకుంటారు. తప్పంటే సిగ్గుపడే వాళ్ళకి బైనరీ సెర్చ్ (వరసలో ఉన్న లిస్టును ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతకడం) కథ చెప్పండి. మధ్య స్థానం కోసం వెతికే భాగం మొదటి స్థానం (low), చివరి స్థానం (high) కలిపి రెండుతో భాగించడం మనందరం చెప్పేదే. ఆ మొత్తం 2,147,483,647 దాటితే 32 బిట్ల int వేరియబుల్‌లో నెగెటివ్ అయిపోతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ బగ్ తొమ్మిదేళ్ళ దాకా ఉండిపోయి 2006లో బయటపడింది.

మెంటరింగ్ సంగతి. ఫైల్లో సంతకాలు కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ (NAAC) వాళ్ళ కోసం ఎలాగూ చేయిస్తారు, దాన్ని పక్కన పెట్టండి. సాయంత్రం ఉండమంటే ఉండరు, పాలకొల్లు, నర్సాపురం బస్సులు వెళ్ళిపోతాయి. ల్యాబ్ టైములోనే ఒక్కొక్కరి పక్కన ఐదు నిమిషాలు కూర్చోండి, మీ ఇంట్లో ఏం చేస్తారు అని అడగండి. ఇది మర్యాదకి అడిగే ప్రశ్న కాదు, ప్రాజెక్టు అందులోంచే వస్తుంది. అమీర్‌పేట నుంచి కొనుక్కొచ్చే ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ ప్రాజెక్టుల కన్నా అది నయం.

మా దగ్గర ఒక బ్యాచ్ వెనామీ రొయ్యల చెరువుల డీఓ (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) రీడింగులతో ప్రాజెక్టు చేసింది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి ఆక్సిజన్ తయారవదు, వాడకం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామున బాగా పడిపోతుంది, రైతులు ఏరియేటర్లు వేసేది అందుకే. ప్రోగ్రాం సగటు మరీ తక్కువ చూపిస్తోంది. టాపర్లు ఫార్ములా వెతుకుతున్నారు. ఎప్పుడూ నోరెత్తని కుర్రాడొకడు, వాళ్ళ నాన్నకి ఆకివీడు దగ్గర చెరువులున్నాయి, స్క్రీన్ చూసి అన్నాడు: "మిట్టమధ్యాహ్నం డీఓ సున్నా ఏంటండీ సార్? అది మీటరు పెట్టని రోజండి. నిజంగా సున్నా అయితే రొయ్యంతా పోయుండేది." ఖాళీ గడుల్ని ప్రోగ్రాం సున్నాలుగా తీసుకుంటోంది. నల్‌కీ (అసలు విలువే లేకపోవడానికీ) సున్నాకీ తేడా ఆ రోజు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాత డేటా ఏదొచ్చినా మిగతావాళ్ళు ముందు అతనికే చూపించేవారు.

ఇక చాట్‌జీపీటీ. ఆపలేరు, ఆపొద్దు కూడా. తెచ్చిన ప్రోగ్రాంలో మీ ఎదురుగా ఒక చిన్న మార్పు చేయమనండి. మామూలు క్యూ తెస్తే సర్క్యులర్ (చివరికి చేరాక మళ్ళీ మొదటి ఖాళీ గడులు వాడుకునేది) చేయమనండి, లిస్టును వెనక నుంచి ప్రింట్ చేయమనండి. ముందు కాగితం మీద డ్రై రన్ (ఒక్కో లైనూ చేత్తో నడిపి చూడటం), తర్వాతే కీబోర్డు. ఇంటర్నల్ మార్కుల్లో మీ చేతిలో ఉన్నవి దీనికే వేస్తానని మొదటి వారమే చెప్పేయండి, రికార్డు మీద సంతకం కూడా ఆ మార్పు చూశాకే పెట్టండి.