నెలకో ఆదివారం విశాఖ ప్రయాణం వృథాయేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్లంతా కలుసుకునే సమావేశం ఉందని, నెలకో ఆదివారం విశాఖపట్నం వెళ్తానని అంటోంది. అక్కడ ఫీజు లేదు, సర్టిఫికెట్టూ ఇవ్వరు. అంతకంటే సెలవుల్లో అమీర్‌పేటలో కోర్సు చేయిస్తే క్యాంపస్ ఎంపికలకు పనికొస్తుంది కదా? ఒంటరిగా పంపవచ్చునా? - ఒక తండ్రి

జవాబు: పంపించండి. అయితే వెళ్లి కూర్చుని వచ్చేందుకు మాత్రం కాదు.

మీ అమ్మాయి చెబుతున్నలాంటి సమావేశాలు నడిపే బృందాన్ని యూజర్ గ్రూప్ అంటారు. అది శిక్షణ సంస్థ కాదు. ఒక ప్రోగ్రామింగ్ భాషనో, ఒక సాఫ్ట్‌వేర్‌నో రోజూ వాడేవారు తమంతట తాముగా కూడి, తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటది. సాధారణంగా ఏదో ఒక కంపెనీ గాని, కళాశాల గాని హాలు ఇస్తుంది. ఇద్దరు ముగ్గురు తాము చేసిన పని గురించి మాట్లాడతారు. చివర్లో లైట్నింగ్ టాక్స్ పేరిట ఐదేసి నిమిషాల చిన్న ప్రసంగాలుంటాయి. ఈ పద్ధతి కొత్తది కాదు. 1975లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ ఇలాంటిదే. ఆపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 కంప్యూటర్ సర్క్యూట్ పటాలను అక్కడి సభ్యులకు ఉచితంగానే పంచాడు. మన దేశంలో 2009లో బెంగళూరులో మొదలై, 2023లో హైదరాబాద్‌లో కూడా జరిగిన పైథాన్ వాడేవారి పైకాన్ ఇండియా సదస్సును నేటికీ స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు.

ఇక కోర్సు సంగతి. కోర్సులో నేర్పే పైథాన్ పాఠాలు చాలావరకు కళాశాలలో చెప్పేవే, ఆ భాష అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికేవే. మన జిల్లాల విద్యార్థులలో నాకు ఎక్కువగా కనిపించే లోటు వేరు: చేసిన పనిని నలుగురి ముందు వివరించలేరు, ఎక్కడ ఆగిపోయారో స్పష్టంగా అడగలేరు. మీ అమ్మాయి పలాస జీడిపప్పు వ్యాపారుల పేర్లు తెలుగులో ఉన్న జాబితాను పైథాన్‌తో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా రాసిందనుకోండి. దాన్ని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపించవచ్చు. అప్పుడు "నా ప్రోగ్రామ్ పనిచేయడం లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఫైలును ఏ ఎన్‌కోడింగ్‌తో (అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా భద్రపరిచే పద్ధతితో) రాసిందో, నోట్‌ప్యాడ్‌లో సరిగ్గా కనిపిస్తోందో లేదో, ఎక్సెల్‌లో ఎలా తెరిచిందో చెప్పి అడిగితే, ఆ చిక్కులో ముందే పడినవారు ఎన్‌కోడింగ్‌ను "యూటీఎఫ్-8-సిగ్"గా మార్చమంటారు. ఫైలు మొదట్లో చేరే చిన్న గుర్తును చూసి ఎక్సెల్ అది యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ చోటున్న అక్షర సంకేత ప్రమాణం) అని గ్రహిస్తుంది. వచ్చే నెల ఇదే విషయాన్ని ఆమె ఐదు నిమిషాలు చెబితే, ఇంటర్వ్యూలో "మీరు ఎదుర్కొన్న ఒక సమస్య చెప్పండి" అన్న ప్రశ్నకు కంఠస్థం చేసిన జవాబు అవసరం ఉండదు. పైగా ఆమె పని చూసిన ఉద్యోగులు నలుగురైదుగురు ఉంటారు. తమ సంస్థలో ఇంటర్న్‌షిప్ ఖాళీ ఉన్నప్పుడు వారికి గుర్తొచ్చేది అలాంటివారే. ఉద్యోగం ఖాయమని మాత్రం నేను చెప్పను.

అన్ని సమావేశాలూ ఒకేలా ఉండవు. మొదటి గంట ఉచిత ప్రసంగం, రెండో గంట కోర్సు అమ్మకం అయితే రెండోసారి వెళ్లనక్కరలేదు. టీషర్టులు, స్టిక్కర్ల కోసం తిరిగేవారూ కొందరుంటారు, వారితో నష్టమూ లేదు, లాభమూ లేదు.

భద్రత విషయంలో మీ ఆందోళన సహజమే. సమావేశ స్థలం, వేళ ముందుగా ప్రకటించారా, ప్రవర్తనా నియమావళి ఉందా, ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులో చెప్పారా అన్నవి చూడండి. నరసన్నపేట నుంచి పోనూ రానూ రోజంతా పడుతుంది కనుక తరగతిలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి వెళ్లడం, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కడం మంచిది. మహిళా ప్రోగ్రామర్ల కోసం 2011లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన పైలేడీస్ సమూహం గురించి కూడా ఆమెను తెలుసుకోమనండి.

ప్రతి నెలా విశాఖ వెళ్లక తప్పదని కూడా నేను అనను. రెండు మూడు సమావేశాలు చూశాక, తన కళాశాల ల్యాబ్‌లోనే పక్షానికో శనివారం సాయంత్రం పది మందిని కూర్చోబెట్టుకుని అలాంటిదే మొదలుపెట్టడం నా దృష్టిలో ఇంకా పెద్ద పని. ల్యాబ్ వాడుకోవడానికి విభాగాధిపతి అనుమతి, ఒక ప్రొజెక్టర్ ఉంటే చాలు. అక్కడ తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. ఇంగ్లిష్ భయంతో తరగతిలో నోరు విప్పని జూనియర్లు కూడా ప్రశ్నలు అడుగుతారు. వారికి చెప్పడం కోసమైనా ఆమె తన పాఠాన్ని ముందుగా సరిగ్గా చదువుకోవలసి వస్తుంది.

కోర్సు ఆలోచనను పూర్తిగా మానుకోమని కాదు. ఆరు నెలల తర్వాత ఆమెకు ఏ అంశంలో తడబాటు ఉందో ఆమెనే అడగండి. డేటాబేస్ అనో, డేటా స్ట్రక్చర్స్ అనో నిర్దిష్టంగా చెబితే ఆ ఒక్కదానికే ఫీజు కట్టండి.