హ్యాకెట్ కాదు, అంతకు ముందాయన

ప్రశ్న: బ్రిటిష్ రాక్ బ్యాండ్ జెనిసిస్ పాటలు పాతికేళ్లుగా వింటున్నాను. గిటార్ అనగానే నాకు స్టీవ్ హ్యాకెట్టే గుర్తొస్తారు. ఆయన కంటే ముందు ఆంథొనీ ఫిలిప్స్ అని ఒకాయన ఉండేవారని మొన్న మా అల్లుడు చెప్పాడు. ఆయన సంగీతం ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు నయమండీ, అడిగారు. నేను ఏళ్ల తరబడి తప్పే చెప్పుకుంటూ తిరిగాను. 'ట్రెస్‌పాస్' ఆల్బమ్‌ని స్నేహితుడి దగ్గర క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, అట్ట మీద బాల్‌పెన్నుతో 'గిటార్: హ్యాకెట్' అని నేనే రాసుకున్నాను. ఆ ఆల్బమ్ వచ్చింది 1970లో. హ్యాకెట్ చేరింది 1971లో! ఆ తీగలు మీటింది ఫిలిప్స్.

నా కళ్లు తెరిపించింది 2014లో వచ్చిన ఫిలిప్స్ సంగీత సంకలనం 'హార్వెస్ట్ ఆఫ్ ద హార్ట్'. 5 సీడీలు. "పేరే వినని మనిషికి అయిదు సీడీలా?" అంది మా ఆవిడ. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

చార్టర్‌హౌస్ స్కూల్లో పీటర్ గాబ్రియెల్, టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్‌లతో కలిసి బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఫిలిప్స్ ఒకరు. స్టేజీ ఎక్కాలంటే విపరీతమైన టెన్షన్. దానికి అనారోగ్యం కూడా తోడై 1970 జులైలో తప్పుకున్నారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లే. మరుసటి నెల డ్రమ్మర్‌గా ఫిల్ కాలిన్స్ వచ్చి చేరారు. తమాషా ఏమిటంటే, బ్యాండ్‌లో ఒకరికొకరు తగలని ఈ ఇద్దరూ తర్వాత కలిశారు. ఫిలిప్స్ 1977లో తెచ్చిన మొదటి సొంత ఆల్బమ్ 'ద గీస్ అండ్ ద ఘోస్ట్'లో రెండు పాటలు కాలిన్స్ గొంతులోవే.

ఈయన గిటార్‌లో 'చూడండి నా వేళ్లు' అనే ఆర్భాటం ఉండదు. ఫిలిప్స్, రూథర్‌ఫర్డ్ చెరొక 12 తీగల గిటార్ పట్టుకుంటే ఏ తీగ ఎవరిదో చెప్పలేం. హ్యాకెట్ వచ్చాక రికార్డయిన 'ద మ్యూజికల్ బాక్స్' పాటకు బీజం కూడా వీళ్లిద్దరూ వాయించుకున్న ముక్కే. బ్యాండ్ వదిలాక ఆయన గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో చదువుకున్నారు. సొంత రికార్డింగుల్లో చాలావరకు, గదిలో ఒక్కడే కూర్చుని తనకోసం వాయించుకుంటున్నట్టే ఉంటుంది. స్టేజీ అంటే వణికే మనిషికి అదే సరైన చోటేమో.

అయిదూ ఒక్కరోజే వినకండి, నేను విని విసిగిపోయాను. రాత్రి ఒకటి చాలు. సంకలనం దొరక్కపోతే 1977 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి.

ప్రశ్న: నా దగ్గర ఆరు తీగల గిటారే ఉంది. ఫిలిప్స్ వాయించే 12 తీగల గిటార్ గలగల దానిమీద తెప్పించగలనా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: పూర్తిగా రాదమ్మా. 12 తీగల గిటార్‌లో ఆరు జతలుంటాయి. లావు తీగల నాలుగు జతల్లో జతకొక తీగ పై స్థాయిలో పలుకుతుంది, సన్న తీగల రెండు జతలూ ఒకే స్వరం. ఎంత శ్రుతి చేసినా జతలో రెండూ వెంట్రుకవాసి తేడాగా మోగుతాయి, ఆ గలగల అక్కణ్నుంచే. మీ స్నేహితురాలికి గిటార్ ఉంటే ఇలా చేయండి: మీరు మామూలుగా సి కార్డ్ పట్టండి, తను అయిదో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) బిగించి జి ఆకారం పట్టాలి. రెండూ సి కార్డే. ఇద్దరూ ఒకే ట్యూనర్‌తో శ్రుతి చేసుకోండి. అది చేయకుండా మొదలుపెట్టి నేనూ మా తమ్ముడూ ఒకసారి పక్కింటి వాళ్లను నిద్ర లేపాం.